కర్పూరం కొండెక్కేదాకా

“తాంబూలం పుచ్చుకున్నాక ఇంజన్ విప్పి చూస్తామని అడిగిన మొగోడు ఈ జిల్లాలో ఎవడన్నా ఉండాడా?” అన్నాడు జయరామయ్య. ముందున్న కారం దోసె చల్లారిపోతోంది. ఆయన దాని వంక కూడా చూడలేదు.

“నేను మొగోణ్ణి కాదు గదా మామయ్యా. అందుకే అడుగుతా ఉండా,” అంది ప్రత్యూష.

వంటింటి గడపలో అట్లకాడ పట్టుకుని నిలబడ్డ ఉషారాణి పెనం మీది దోసె సంగతి మరిచిపోయింది. తన కాపురంలో ఆవిడ మొగుడికి ఎదురు చెప్పలేదని కాదు. చెప్పింది, చాలాసార్లే చెప్పింది. కాకపోతే అన్నీ ఆయన చెయ్యి కడుక్కున్న తర్వాతే. కంచం ముందున్న మనిషితో ఇలా మాట్లాడ్డం ఆ ఇంట్లో ఇదే మొదలు.

మనుబోలులోని ఆ ఇంట్లో నిన్న సాయంత్రం నుంచీ ఇదే రగడ. జయరామయ్య విమానం కొంటున్నాడు. తన కోసం కాదు, కోడలి కోసం. కోడలు పైలట్ అని పెళ్ళిలో భోజనాల పంక్తి పొడుగునా చెప్పుకుని మురిసిపోయిన మామగారాయన. ఆయన ప్రాణస్నేహితుడు నరేంద్రబాబు బతికున్న రోజుల్లో ముచ్చటపడి తెచ్చుకున్న నాలుగు సీట్ల పాత విమానం ఒకటి చిట్టమూరు అవతల, సముద్రం ఒడ్డున, రేకుల షెడ్డులో ఉంది. నరేంద్రబాబు కాలం చేశాడు. ఆయన భార్య ఆదిశేషమ్మ చేతుల మీదుగా జయరామయ్య తాంబూలం పుచ్చుకుని వచ్చేశాడు. ఆదివారం పూజ, భోజనాలు. ఊరంతా పిలుపులైపోయాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎగరడానికి అనుమతి రాగానే కోడలు ఆదిశేషమ్మను పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం మీద ఒక చుట్టు తిప్పుతుందని కూడా మాట ఇచ్చేశాడు. మొగుడు ఉన్నన్నాళ్ళూ భయపడి ఒక్కసారన్నా దాంట్లో ఎగరని ఆదిశేషమ్మకు ఇప్పుడు ఆ ఒక్క కోరికే మిగిలింది.

ప్రత్యూష అంతా విని ఒక్క మాటే అంది. ఇంజన్ లోపల చూడందే తను ఎక్కదు, ఎవర్నీ ఎక్కించదు.

“ఏం చూస్తావమ్మా దాంట్లో?” జయరామయ్య కంచం పక్కకు జరిపాడు. “అది తిరిగిందే తక్కువ. ఆయన పోయినాక ఒక్క తూరి గూడా గాల్లోకి లేసింది లేదు. తిరగని ఇంజన్ అరుగుతుందా?”

“అరగదు. తుప్పు పడతది. మన రొయ్యల గుంటల మీద ఏరేటర్ మోటార్లు ఒక పంట కాలం ఊరికే పెట్టినారనుకోండి. మళ్ళీ స్విచ్చేస్తే ఎన్ని తిరగతాయి మామయ్యా?”

జయరామయ్య చెయ్యి ఎడమ కనుబొమ్మ మీదున్న మచ్చ మీదికి పోయింది. ఎప్పుడో గుంట గట్టు మీద జారిపడినప్పటి మచ్చ అది. జవాబు తోచనప్పుడల్లా ఆయన దాన్ని రుద్దుకుంటాడు.

“అవి దిక్కులేని మోటార్లు. ఇది అట్టాంటిది కాదు. మా వదిన ప్రతి శుక్రవారం తలకు పోసుకోని, కర్పూరం వెలిగించి, తన చేత్తో స్టార్ట్ చేస్తాది. నరేంద్రన్న నేర్పించి పోయినాడు. ఒక్క శుక్రవారం తప్పలా. ఇంట్లో దీపం పెట్టడం మరిచినా అది మరవలా.”

కాఫీ గ్లాసు పట్టుకున్న ప్రత్యూష చెయ్యి ఆగిపోయింది.

“ఎంతసేపు తిప్పతారు?”

“కర్పూరం కొండెక్కేదాకా.”

ఇందాకటి నుంచీ మామగారి మీద ఉన్న కోపం ప్రత్యూష మొహంలోంచి పోయింది. ఆ స్థానంలో వచ్చింది చూసి ఉషారాణికి భయమేసింది. అది జాలి.

అశోక్ దోసె ముక్క చట్నీలో ముంచి అలాగే పట్టుకున్నాడు. తండ్రి వైపు చూస్తే పెళ్ళాంతో చిక్కు, పెళ్ళాం వైపు చూస్తే తండ్రితో చిక్కు. పాపం చట్నీ వైపే చూస్తున్నాడు.

“ఈ రోజు శుక్రవారం,” అంది ప్రత్యూష లేస్తూ. “పదండి మామయ్యా, పోదాం. తహీర్‌ను నేరుగా అక్కడికే రమ్మన్నా.”

“తహీర్ ఎవరు?”

“విమానం ఇంజన్లు చూసే ఇంజనీరు. మద్రాసులో చేస్తాడు. మన నెల్లూరు కోటమిట్ట ఆయనే.”

“అంటే నాకు చెప్పకుండానే మనిషిని పిలిపించినావు!” జయరామయ్య గొంతు పెరిగింది. “చూడు, పైపైన చూసుకోండి, కాదన్ను. విప్పే పని మాత్రం లేదు. ఎల్లుండి ఆదివారం ఊరంతా వచ్చి కూచుంటే ఏమని చెప్పుకునేది నేను? మా కోడలు వద్దన్నాదని చెప్పుకోనా? తల యాడ పెట్టుకోవాల?”

ఉషారాణి పొయ్యి ఆపేసింది. ఆ విమానం ఛాయలకు కూడా పోనని వారం కిందట శపథం చేసిన మనిషి, కొంగు దులుపుకుని చెప్పులేసుకుంది.

“నేను గూడా వస్తా. మీ ఇద్దర్నీ ఒకే కార్లో పంపితే గూడూరు దాటరు.”

గూడూరు దాటారు గానీ, ఒక్కరూ నోరు తెరవలేదు.

షెడ్డు దగ్గర కారు ఆగేసరికి ఆదిశేషమ్మ ఎదురొచ్చింది. డెబ్భై దాటిన మనిషి, నడుము వంగలేదు. తలంటుకున్న తడి జుట్టు కొస ముడేసుకుని ఉంది.

“రా ఉషా. దీన్ని చూసేదానికి నీకు ఇన్నేళ్ళు పట్టిందా?” అని నవ్వి, ప్రత్యూష గడ్డం పట్టుకుంది. “చూసుకో బిడ్డా, నీదే గదా. నేను మజ్జిగ చేసుకోనొస్తా.” పక్కనే ఉన్న ఇంట్లోకి వెళ్ళింది.

షెడ్డులోకి అడుగుపెట్టి ఉషారాణి ముక్కున వేలేసుకుంది. నేల అద్దంలా ఉంది. విమానం మీద ముసుగు తీస్తే తెల్లగా మెరిసిపోయింది. రెక్కల కింద కూడా దుమ్ము లేదు. ఇంత ప్రేమగా చూసుకున్న వస్తువును అనుమానించడానికి ఈ పిల్లకు మనసెట్లా వచ్చిందో అనుకుంది.

నిజం చెప్పాలంటే ప్రత్యూష మంచి పిల్లే గానీ అజాగ్రత్త మనిషని ఉషారాణి అభిప్రాయం. పాలు పొంగబెడుతుంది. తడి తువ్వాలు మంచం మీద పడేస్తుంది. తాళాలు ఎక్కడ పెట్టిందో తనకే తెలీదు. ఆ అభిప్రాయం ఈ రోజు షెడ్డులో ఒక్కొక్క పొరగా ఊడిపోవడం మొదలైంది.

ప్రత్యూష ముందు ఇంజన్ జోలికే పోలేదు. ముక్కున ఉన్న ప్రొపెల్లర్ ముందు నిలబడి, దాని అంచులు రెండూ అరచేత్తో పైనుంచి కిందికి తడిమింది. వంగి, మధ్యన కొట్టిన అచ్చులోని అంకెలు చాలాసేపు చూసింది.

“ఫ్యాను తళతళలాడతా ఉంది గదా, ఇంక దాన్నేం చూస్తావు,” అన్నాడు జయరామయ్య.

“తళతళలాడతా ఉందనే చూస్తా ఉండా,” అంది.

తహీర్ వచ్చాడు. మితభాషి. ఇంజన్ మీది రేకులు విప్పి, స్పార్క్ ప్లగ్గులు తీసి వరుసగా గుడ్డ మీద పెట్టాడు. నాలుగు సిలిండర్లు. ఒక్కోదాంట్లోకి గాలి పంపి ఎంత నిలబడుతుందో మీటరు మీద చూడ్డం మొదలుపెట్టాడు. గాలి కారిపోతే లోపల అరిగినట్టు. మొదటిది నిలబడింది. రెండోది నిలబడింది. మూడు, నాలుగు కూడా నిలబడ్డాయి.

జయరామయ్య తొడ చరిచాడు. “చూసినావా! నాలుక్కి నాలుగు పాసు! ఏం తహీరన్నా, ఇంకేం కావాల?”

తహీర్ ఆయనకు జవాబు చెప్పకుండా ప్రత్యూష వైపు చూశాడు. ఉషారాణి అది గమనించింది. చదువుకున్న ఇంజనీరు, వయసులో పెద్దవాడు, తన కోడలు ఏమంటుందా అని ఎదురుచూస్తున్నాడు!

“రింగులు, వాల్వులు బాగుండాయని చెప్పింది మామయ్యా, అంతే. మిగతా సంగతి దానికి తెలీదు. కెమెరా పెట్టండి తహీర్ గారూ.”

చిటికెన వేలు కన్నా సన్నటి కెమెరా ప్లగ్గు రంధ్రంలోంచి లోపలికి పోయింది. ఫోను తెర మీద బూడిదరంగు గోడ కనిపించింది. దాని మీద గోధుమరంగు చుక్కలు. ఉషారాణి కూడా కోడలి భుజం మీంచి తొంగిచూసింది.

“అవేంది, మసాలా చల్లినట్టు?”

“తుప్పు అత్తయ్యా. ఇది పైపైదే. అసలుది ఇంకా లోపల ఉంటాది.”

నూనె వడగట్టే ఫిల్టరు విప్పించింది. దాని డబ్బా కోసి, లోపలి కాగితాన్ని చీర కుచ్చెళ్ళు విప్పినట్టు మెల్లగా పరిచింది. నల్లటి నూనె మరకలు తప్ప ఉషారాణికి ఏమీ కనబడలేదు. ప్రత్యూష ఒక చిన్న అయస్కాంతం తీసుకుని కాగితం మీద అటూ ఇటూ నడిపింది. ఎత్తి చూపిస్తే దాని కొసకు వెండి నలుసులు గడ్డంలా అంటుకుని ఉన్నాయి.

తహీర్ పెదవి విరిచాడు. “వాల్వుల్ని ఆడించే కామ్‌షాఫ్ట్ పోయింది మేడమ్. పూర్తిగా విప్పాల్సిందే.”

“ఎందుకు పోతాది?” జయరామయ్య ముందుకొచ్చాడు. “ప్రతి వారం తిప్పతానే ఉండె గదా ఆమె!”

“అందుకే మామయ్యా.”

ప్రత్యూష మామగారిని వదిలేసి అత్తగారి వైపు తిరిగింది.

“అత్తయ్యా, అన్నం సగం ఉడికినాక పొయ్యి ఆపేసి మూత పెట్టేస్తే, మూత కింద ఏముంటాది?”

“నీళ్ళు. చుక్కలు చుక్కలుగా.”

“ఇంజన్లో పెట్రోలు మండితే గూడా లోపల ఆవిరి పుడతాది. చక్కగా గాల్లోకి లేచి ఒక గంట తిరిగితే నూనె బాగా కాగి, ఆ ఆవిరంతా బయటికి పోతాది. కర్పూరం కొండెక్కే లోపల అంత వేడెక్కదు. టక్కున ఆపేస్తే ఆ తడంతా లోపల్నే. ఈ షాఫ్టేమో పైన ఉంటాది, నూనె దాని మీద నిలవదు. తడి, ఉప్పుగాలి, మళ్ళా వచ్చే శుక్రవారం ఇంకొంచెం తడి. ముట్టుకోకుండా వదిలేసినా తుప్పు పట్టేదే. ఇంత పట్టేది కాదు.”

ఉషారాణికి ఒక్కసారిగా కళ్ళకు కట్టినట్టు అర్థమైంది. విమానం సంగతి తనకు ఇంత సులువుగా అర్థమవుతుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. అబ్బ, ఏం చెప్పింది! అనుకుంది. ఆ మరుక్షణమే ఇంటి వైపు చూసింది. ఆదిశేషమ్మ పళ్ళెం పట్టుకుని వస్తోంది.

జయరామయ్య కూడా చూశాడు. గబగబా కోడలి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“అమ్మా, నీకు దండం పెడతా. ఇంజన్ పాతబడింది, అంతవరకు చెప్పు. శుక్రవారం మాట మాత్రం ఎత్తొద్దు. ఆమె తట్టుకోలేదు.”

పొద్దున కేకలేసిన మనిషి ఇప్పుడు కోడలి ముందు చేతులు జోడించాడు. మొగుణ్ణి అలా చూడ్డం ఉషారాణికి కూడా కొత్త. ప్రత్యూష ఆయన చేతులు పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

“చెప్పకపోతే ఇప్పుడే పోయి స్టార్ట్ చేస్తాది మామయ్యా.”

ఆదిశేషమ్మ పళ్ళెంలో మజ్జిగ గ్లాసులు, ఆకువక్కలు, కర్పూరం బిళ్ళలు, విమానం తాళంచెవి ఉన్నాయి. షెడ్డు బయట, విమానానికి దూరంగా ఉన్న నల్లరాయి ఆమె కర్పూరం వెలిగించే చోటు. అక్కడ వెలిగించి, లోపలికొచ్చి స్టార్ట్ చేసి, కిటికీలోంచి ఆ మంటను చూస్తూ కూర్చుంటుందట.

“బిగించెయ్యి నాయనా, పొద్దెక్కతా ఉండాది,” అంది తహీర్‌తో.

తహీర్ కదల్లేదు. ప్రత్యూష ఎదురెళ్ళింది.

“పెద్దత్తయ్యా, ఈ రోజు స్టార్ట్ చెయ్యొద్దు.”

“ఎందుకు?”

ప్రత్యూష చెప్పింది. నసగలేదు, దాచలేదు. అన్నం గిన్నె, మూత, తడి, ఉప్పుగాలి, అన్నీ చెప్పింది. చెప్పి, వెండి నలుసులు అంటుకున్న అయస్కాంతాన్ని ఆమె అరచేతిలో పెట్టింది. చెబుతున్నంతసేపూ ఆ చేతిని వదల్లేదు.

ఆదిశేషమ్మ ఆ నలుసుల్ని వేలితో తాకి చూసింది.

“ఆయన దిగేటప్పుడు ఈ చప్పుడు ఇంటి దాకా వినపడేది,” అంది. “విన్నాకనే అన్నం గిన్నె దించేదాన్ని. ఆయన పోయినాక ఆ చప్పుడు లేకుండా నాకు ముద్ద దిగేది కాదు. వారానికొకసారన్నా విందామని... అయితే నేనేనా బిడ్డా? నా చేతుల్తో నేనే పాడు చేసినానా?”

తనైతే కాదు కాదని పది అబద్ధాలు చెప్పి, వెన్ను నిమిరి, లోపలికి తీసుకుపోయేదాన్నని ఉషారాణికి తెలుసు.

“సగం మీరు పెద్దత్తయ్యా. సగం ఈ సముద్రం. తెలిసి చెయ్యలేదు మీరు. కాని, అవును.”

ఆదిశేషమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కిందికి రాలేదు. పళ్ళెం పట్టుకుని నల్లరాయి దగ్గరికి నడిచింది. కర్పూరం వెలిగించింది. ఈసారి ఇంజన్ చప్పుడు లేదు. అవతల అలల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఆ మంట కొండెక్కేదాకా అందరూ నిలబడే ఉన్నారు.

ఆమె తిరిగొచ్చి రెండు ఆకులు తీసుకుంది. వాటి మీద వక్కలు, వక్కల మీద తాళంచెవి పెట్టింది.

“జయరామా, నీకు తాంబూలం ఇయ్యడం నాదే తప్పు. ఇయ్యాల్సింది ఈ బిడ్డకి. ఇంజన్ తీసి పారేస్తావో, కొత్తది పెడతావో నీ ఇష్టం బిడ్డా. ఇంత మాట నా మొహాన చెప్పినావు చూడు, నీ పక్కన అయితే నేను గాల్లోకే కాదు, యాడికైనా వస్తా.”

జయరామయ్య తల పట్టుకున్నాడు. “అంతా బాగుండాది గానీ వదినా, ఆదివారం జనమొస్తారే! వాళ్ళకేమని చెప్పేది?”

“మా కోడలు వద్దన్నాదని చెప్పండి,” అంది ఉషారాణి.

ఆ గొంతు తనదేనా అని ఆవిడకే అనుమానం వచ్చింది. ఆగలేదు.

“గట్టిగా చెప్పండి, వెనక పంక్తిలో వాళ్ళకి గూడా వినపడేట్టు. పొద్దున మీరు తల యాడ పెట్టుకోవాలన్నారే, ఎత్తి పెట్టుకోండి! సరేననే వాళ్ళు ఊరినిండా ఉండారు. వద్దనేదానికి ఎంత గుండె కావాల? ఈ పిల్ల సరేనన్న రోజు, ముందర నేనెక్కి కూచుంటా ఆ విమానంలో.”

“అత్తయ్యా!” అంది ప్రత్యూష. ఇంతవరకు చెదరని ఆ పిల్ల కళ్ళు ఇప్పుడు చెమర్చాయి. ఉషారాణికి ఆ క్షణాన కోడలు ఎంత ముద్దొచ్చిందంటే, నూనె చేతులని కూడా చూడకుండా దగ్గరకు లాక్కుంది. పాలు పొంగితే పొంగనీ, తువ్వాళ్ళు తడిస్తే తడవనీ!

ప్రత్యూష గుడ్డతో చేతులు తుడుచుకుంది. తాంబూలం కోసం చేతులు చాచబోయి, ఆగింది.

“తీసుకుంటా పెద్దత్తయ్యా. దానికి ముందు ఒక్కటి అడగాల.” వెనక్కి తిరిగి ప్రొపెల్లర్ మీద చెయ్యి వేసింది. “ఇంజన్ పాతది. ఇది మాత్రం దాని కంటే బాగా కొత్తది, అచ్చులో సంవత్సరం ఉండాది. మార్చినామని కాగితాల్లో రాసినారు. ఎందుకు మార్చినారో మనుషులే చెప్పాల.”

“పాతబడి మార్చినారు, ఇంకెందుకు మారస్తారు!” అన్నాడు జయరామయ్య. ఎవరూ ఆయన్ని అడగలేదు.

ప్రత్యూష మామగారి వైపు చూడకుండానే మాట్లాడింది. “తిరుగుతా ఉన్న ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంటే ఆ దెబ్బ లోపల దాన్ని తిప్పే షాఫ్టు దాకా పోతాది. పైకి ఏమీ కనపడదు. బాగానే తిరుగుతా ఉంటాది. ఒక రోజు గాల్లో ఉండగా లోపల విరుగుతుంది. అందుకని అట్టా తగిలిన ఇంజన్‌ను మొత్తం విప్పి చూడకుండా ఎవరూ ఎగరకూడదు. ఈ ఇంజన్ ఎప్పుడన్నా విప్పినారా తహీర్ గారూ?”

“విప్పిన గుర్తు లేదు మేడమ్.”

ఆదిశేషమ్మ మొహంలో భయం లేదు, దాపరికం లేదు. ఉన్నదల్లా ఆశ్చర్యమే. ప్రత్యూష వైపు చూసి, తర్వాత జయరామయ్య వైపు చూసింది.

“ఏంది బిడ్డా, మీ మామ నీకు చెప్పలేదా? చెప్పినాడనే అనుకున్నానే! దిగేటప్పుడు ముక్కు నేలకు కొట్టుకునింది. ఆ రోజు పక్క సీట్లో కూచున్నది ఈయనే గదా. నొసలు పగిలి రక్తం కారతా ఉంటే నేనే కట్టు కట్టినా.”

జయరామయ్య చెయ్యి కనుబొమ్మ మీదికి పోయింది. పొద్దున్నుంచీ ఇంజన్ విప్పొద్దని ఆయన ఎన్నిసార్లు అన్నాడో ఉషారాణికి ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది.

“గుంట గట్టు మీద జారిపడినానన్నారే,” అంది ఉషారాణి. ప్రొపెల్లర్ దగ్గరికి పోయి కోడలి చెయ్యి పట్టుకుంది. “తెలిసే ఈ పిల్లను దాంట్లో ఎక్కించబోయినారా?”

జయరామయ్య చెయ్యి మచ్చ మీదే ఉండిపోయింది.